ఫ్రేము కింద ఎరుపు

ప్రేమకథల్లో వాన అయితే జుట్టు మీద పడుతుంది, లేకపోతే గొడుగు మీద పడుతుంది. ఈ కథలో వాన గోడలోంచి వచ్చింది. డాబా మీద నిలిచిన నీళ్ళు పడగ్గది గోడలోకి దిగి, అక్కడ ఏళ్ళ తరబడి వేలాడుతున్న పూల బొమ్మని వెనకనుంచి నానబెట్టేశాయి. కాగితం ఉబ్బింది, బూజు పట్టింది, ఒక మూల గుజ్జు గుజ్జుగా ఊడొచ్చింది.

అందుకే అమ్మడు కొత్త బొమ్మ కొనడానికి బయల్దేరింది.

అమ్మడు అసలు పేరు కాదు. ఇంట్లో అందరూ పిలిచే పేరు. ఇంట్లో అందరూ అంటే ఇప్పుడు వాళ్ళ నాన్న ఒక్కడే. కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం ఆ పిల్లది. రోజంతా చీకటి గదిలో కూర్చుని, ఎదుటివాళ్ళ ముక్కు మీద అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడగాలి. తనని మాత్రం ఆ మాట అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

బొమ్మల షాపు నిజానికి ఫ్రేములు కట్టే షాపు. బోర్డు మీద మాత్రం ఆర్ట్ గ్యాలరీ అని ఉంటుంది. వెనక గదిలో ఒక కుర్రాడు పాతకాలపు ఇంప్రెషనిస్టుల పూల బొమ్మలకి యాక్రిలిక్ రంగులతో నకళ్ళు వేస్తాడు. ముందు గదిలో వాళ్ళ పిన్ని వాటిని అమ్ముతుంది. టేపు మెడలో వేసుకుని తిరిగే ఆవిడకి బొమ్మల గురించి రెండే విషయాలు తెలుసు, ఆ రెండూ చాలు కూడా.

"ఇంప్రెషనిజం అంటే ఏమీ లేదమ్మా. దగ్గరికెళ్తే మరకలు, దూరంగా నిలబడితే పూలు. మా చుట్టాలందరూ ఇంతే," అంది మొదటి రోజు. రెండోది ప్రశ్న. "సోఫా ఏ రంగు?"

"సోఫా కోసం కాదాంటీ. పడగ్గదిలోకి." అమ్మడు ఫోన్ తీసి ఫొటో చూపించింది. "ఇదిగో, మంచం పక్క గోడ మీద ఉందే, అదే కావాలి."

ఫొటోలో దిళ్ళకి ఆనుకుని కూర్చున్న ఒకావిడ, పక్కన పేపరు చదివి వినిపిస్తున్న ఒకాయన. మంచం పక్క గోడ మీద మసకమసకగా ఒక పూల మైదానం. వెనక గదిలోంచి కుర్రాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గడ్డం, మోచేతి దాకా రంగులు. ఇంత మనిషినీ వాళ్ళ పిన్ని "చంటీ" అని పిలిచింది. చంటి ఫోన్‌ని ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది నాకు తెలుసు. దీని ఒరిజినల్ తెలుసు."

"అచ్చం వెయ్యాలి."

"అచ్చం వేస్తాను."

"ఒక్క పిసరు తేడా ఉండకూడదు."

"ఉండదండీ. అమ్మగారా?"

"ఊఁ."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"లేరు," అంది అమ్మడు. చంటి ఎటు చూడాలో తెలియక మళ్ళీ ఫోన్‌లోకే చూశాడు.

గొడవ బొమ్మ తయారయ్యాక వచ్చింది. చంటి గుడ్డ తీయగానే అమ్మడు ఒకడుగు వెనక్కి వేసింది. గది నిండా ఎరుపు. పచ్చటి గడ్డిలో ఎవరో నిప్పులు చల్లినట్టు, కళ్ళు మూసుకున్నా కనిపించే ఎరుపు.

"ఇవేంటి?"

"మీ పూలే."

"మావి నీలివి."

"కాదండీ, ఇవి గసగసాల పూలు. ఎర్రగానే ఉంటాయి."

"గసగసాలు తెల్లగా ఉంటాయి. మా వంటింట్లో డబ్బాలో ఉన్నాయి."

"అవి గింజలండీ."

"నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. నీలిపూలు, బూడిద రంగు గడ్డి. ఫొటో చూపించాను కదా."

"సాయంత్రం వెలుతురుకి ఫోన్ అలా చూపిస్తోందనుకున్నాను. ఒరిజినల్ ఎరుపేనండీ. నూరేళ్ళ పైగా ఎరుపే."

"ఎరుపు లక్షణంగా ఉందమ్మా," అని పిన్ని మధ్యలో దూరింది. "సోఫా ఏ రంగో చెప్పు, నేను కలుపుతాగా."

"మా సోఫాకి రంగు లేదాంటీ. దాని మీద మా నాన్న ఉన్నాడు."

ఇద్దరూ ఊరుకున్నారు. అమ్మడు కూడా ఊరుకుంటే బాగుండేది. కానీ ఎన్నాళ్ళనుంచో మూతపెట్టిన గిన్నె అది, పొంగింది.

"బొమ్మ తీసేసిన రోజునుంచీ ఆయన ఆ గదిలోకి వెళ్ళట్లేదు. హాల్లో సోఫా మీద పడుకుంటున్నాడు. తినడు, మాట్లాడడు. ఇవాళ అమ్మ బొమ్మ తెస్తానని చెప్తే, పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. నెలల తర్వాత." బొమ్మకేసి చెయ్యి చూపించింది. "ఇప్పుడు దీన్ని తీసుకెళ్ళి ఆయనకేం చెప్పను? ఒరిజినల్ అని చెప్పనా?"

చంటి గుడ్డ మళ్ళీ బొమ్మ మీద కప్పాడు.

"మీకు రంగులు కనబడవేమో. మా షాపుకి రండి. ఉచితంగా పరీక్ష చేస్తాను," అనేసి అమ్మడు వానలోకి నడిచింది. గొడుగు షాపులోనే మర్చిపోయింది. ప్రేమకథల లెక్క ప్రకారం అప్పుడు ఎవరో ఒకరు గొడుగు పట్టుకుని పరిగెత్తుకు రావాలి. ఎవరూ రాలేదు. ఆటో కూడా రాలేదు.

ఇంట్లో నాన్న నున్నటి గడ్డంతో సోఫా మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఖాళీ చేతులకేసి చూశాడు.

"ఇంకా ఆరలేదట నాన్నా."

"ఊఁ."

నాన్న దగ్గర ఊఁలు మూడు రకాలు. తిన్నావా అంటే ఒకటి, పడుకో అంటే ఒకటి. మూడోది అమ్మ మాట్లాడుతుంటే వింటున్నానని చెప్పే పొడుగాటి ఊఁ. ఆ మూడోది ఈ మధ్య ఇంట్లో వినబడటం లేదు.

కాసేపటికి అక్క ఫోన్ చేసింది. అక్క గొంతు స్పీకర్ లేకుండానే హాలంతా వినబడుతుంది.

"నువ్వొక్కదానివే ఎన్నాళ్ళు చూస్తావే? నాన్నని నా దగ్గరికి పంపించెయ్. ఆ ఇల్లు అద్దెకిచ్చేద్దాం. ఆ గది చూస్తూ ఉంటే ఆయన ఎప్పటికీ తేరుకోడు."

"గది చూడట్లేదక్కా. అదే కదా బాధ."

"వెళ్తాలే," అన్నాడు నాన్న సోఫా మీదనుంచి. "నెలాఖరుకి వెళ్తాలే."

చాలా రోజులకి ఆయన పూర్తిగా పలికిన వాక్యం అది. అందుకు సంతోషించాలో, ఏడవాలో అమ్మడుకి తెలియలేదు. వంటింట్లోకి వెళ్ళి గసగసాల డబ్బా తీసి, అలమరలో వెనక్కి నెట్టేసింది.

మర్నాడు కళ్ళద్దాల షాపుకి ఒక చేతిలో ఆమె గొడుగుతో చంటి వచ్చాడు.

"పరీక్షకి," అన్నాడు.

"దేనికి?"

"రంగులకి. ఉచితం అన్నారు."

అన్న మాట వెనక్కి తీసుకోలేక, చుక్కల్లో అంకెలు దాగి ఉండే అట్టలు ఒక్కొక్కటీ ఆయన ముందు పెట్టింది. అన్నీ గడగడా చదివేశాడు.

"రంగులు బాగానే కనిపిస్తున్నాయి," అంది నిరాశగా. "ఎదురుగా ఆ అక్షరాలు చదవండి."

"పైది చదువుతాను."

"కిందివి?"

"కింద ఉన్నాయా?"

అమ్మడు కుర్చీలో ముందుకి వంగింది. "మీరు అద్దాలు పెట్టుకోరా?"

"అవసరం పడలేదండీ. నాకు లోకం అంతా కొంచెం మెత్తగా కనిపిస్తుంది. అది ఆర్టిస్టు చూపు అనుకున్నాను."

"ఆర్టిస్టు చూపు కాదు. సైటు."

చాలా రోజుల తర్వాత ఆమెకి నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చేసింది. బరువైన పరీక్ష ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టి అద్దాలు మార్చింది.

"ఇది బాగుందా, ఇది బాగుందా?"

"మొదటిది."

"ఇప్పుడు? ఇదా, ఇదా?"

"ఇది."

"ఏం కనబడుతోంది?"

ఆయన చదవాల్సింది గోడమీది అక్షరాలు. చూసింది ఆమె మొహం. "మీరు సరిగ్గా నిద్రపోవట్లేదని," అన్నాడు.

అమ్మడు ఫ్రేము తీసేసి పవరు రాసుకుంది. రాయాల్సిన దానికంటే ఎక్కువ సేపే రాసుకుంది.

"ఆ పాత బొమ్మ పారేశారా?" అని అడిగాడు చంటి.

"లేదు. బాల్కనీలో ఉంది."

"ఒకసారి చూడనివ్వండి. ఫోన్ చూసి ఆ నీలం వెయ్యలేను. యాక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఒక రంగు. ఒక పిసరు ముదురుతుంది. పక్కన అసలుది ఉంటేనే కుదురుతుంది."

"మీ అసలుది ఎరుపు కదా."

"మీ అసలుది," అన్నాడు.

ఆ సాయంత్రం సన్నగా చినుకులు పడుతుంటే చంటి వాళ్ళింటికి వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, సోఫా మీదున్న పెద్దాయనకి నమస్కారం పెట్టాడు.

"నాన్నా, బొమ్మ వేసే ఆయన."

"ఊఁ." రెండో రకం.

పడగ్గదిలో పక్క దులిపి, దుప్పటి మడతపెట్టి ఉంది. గోడ మీద బొమ్మ ఉన్నంత మేర తెల్లగా ఒక చతురస్రం, దాని లోపలా చుట్టూ చెమ్మ మరకలు. చంటి గోడకేసి చూడటం మానేసి ఎదురుగా ఉన్న కిటికీకేసి చూశాడు. పడమటి కిటికీ.

"దీనికి కర్టెన్ లేదా?"

"అమ్మ వెయ్యనిచ్చేది కాదు. సాయంత్రం ఎండంతా గదిలోకి వచ్చేది. మంచం దిగలేని మనిషికి ఈ కిటికీ, ఆ బొమ్మ, రెండే కదా."

చంటి ఏదో అర్థమైనట్టు తలూపాడు. బాల్కనీలోంచి పాత బొమ్మ తెచ్చి, భోజనాల బల్ల మీద బోర్లా పెట్టి, చిన్న పటకారుతో మేకులు ఒక్కొక్కటే లాగాడు. తుప్పు పట్టి రాలేదు, నెమ్మదిగా కదిపి కదిపి లాగాడు. వెనక అట్ట తీశాడు. ఫ్రేము పైకెత్తి పక్కన పెట్టాడు.

"ఒకసారి ఇలా రండి," అన్నాడు.

బూజుపట్టిన నీలిపూల మైదానం. దాని చుట్టూ, ఇన్నాళ్ళూ ఫ్రేము అంచు కింద దాగిన చోట, గోరు వెడల్పున ఒక గీత. పూలు ఆ గీత దాటే చోటల్లా ఎర్రగా ఉన్నాయి. గడ్డి పచ్చగా ఉంది.

"ఎండకి ముందు పసుపూ ఎరుపూ పోతాయి," అన్నాడు చంటి గొంతు తగ్గించి. "నీలం చివరిదాకా ఉంటుంది. ఫ్రేము కింద ఎండ తగల్లేదు."

అమ్మడు ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. "అయితే మీరే గెలిచారు."

"గెలవడానికి రాలేదండీ. మీరు చూసింది నీలమే. అచ్చం వెయ్యమంటే నేను దేనికి అచ్చమో అడగాల్సింది. అడగలేదు."

"ఎర్రవి," అంది వెనకనుంచి ఒక గొంతు.

నాన్న సోఫా మీదనుంచి ఎప్పుడు లేచాడో ఇద్దరూ చూడలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మీ అమ్మ ఎర్రవే కొంది. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో. గోడలు బోసిగా ఉన్నాయని. ఇంత ఎరుపేంటి, కళ్ళలో పొడిచినట్టుంది, తిరిగి ఇచ్చెయ్యి అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. పక్కింటావిడతో చెప్పించేది, అన్నం వడ్డించానని." ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది. "ఆ పక్కింటావిడతో మాట్లాడుతూ నవ్వేది. ఆ నవ్వు వీధి చివరిదాకా వినపడేది. నేను అది మర్చిపోయాను అమ్మడూ. ఎప్పుడు తలుచుకున్నా మంచం మీదే కనిపిస్తోంది నాకు. దిళ్ళకి ఆనుకుని."

"మరి నీలంగా ఎప్పుడు మారాయి నాన్నా?"

"తెలియలేదు. రోజూ చూస్తూనే ఉన్నాను." ఆయన ఎర్ర గీతని చూశాడు, మధ్యలో వెలిసిపోయిన పూలని చూశాడు. "రోజూ చూసేవాడికి తెలియదమ్మా. మీ అమ్మ కూడా అంతే కదా. రోజూ పక్కనే ఉన్నాను. ఎంత వెలిసిపోయిందో నాకు తెలియనే లేదు."

చంటి పటకారు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళాడు. ఎవరూ అడక్కుండానే గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పెద్దాయన చేతికిచ్చాడు. పరాయి వంటింట్లో గ్లాసులెక్కడుంటాయో ఎలా తెలిసిందని అమ్మడు తర్వాత చాలాసార్లు అనుకుంది. అప్పుడు మాత్రం ఉద్యోగంలో అడిగే మాటే అడిగింది.

"నాన్నా, ఏది పెట్టమంటావు? ఇదా, ఇదా?"

ఆయన నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఎర్రవి ఆవిడ కొన్నవి. నీలివి ఆవిడ చూసినవి," అన్నాడు. "ఆ గదిలో ఆవిడ చూసినవే ఉండనీ."

"ఎర్ర బొమ్మ కూడా వేసేశారు కదా. దాన్నేం చేద్దాం?"

"అది ఎవరైనా కొత్తగా ఇల్లు పెట్టుకునేవాళ్ళకి." తన కళ్ళద్దాల పైనుంచి ఒకసారి కూతురిని, ఒకసారి ఆ కుర్రాడిని చూసి, మళ్ళీ సోఫా దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ నీలం ఓ పట్టాన కుదరలేదు. అట్ట ముక్కల మీద రంగు వేసుకుని చంటి సాయంత్రాలు వచ్చేవాడు. పాత బొమ్మ పక్కన పెట్టి, ఇద్దరూ తలలు వంచి చూసేవాళ్ళు.

"ఇది బాగుందా, ఇది బాగుందా?" అని ఇప్పుడు ఆయన అడిగేవాడు.

"రెండూ కాదు. మీది మరీ కొత్త నీలం. అమ్మది అలిసిపోయిన నీలం."

"అలిసిపోయిన నీలం ట్యూబులో రాదండీ."

"అందుకేగా మీ దగ్గరికి వచ్చింది."

మధ్యలో చంటి కళ్ళద్దాలు తయారయ్యాయి. ఫ్రేము అమ్మడే ఎంచింది, ఏ రంగు సోఫా మీదైనా నప్పేదే చూడమని పిన్ని ఫోన్ చేసి మరీ చెప్పింది. అద్దాలు పెట్టుకున్న మొదటి రోజు చంటి షాపులో తను వేసిన బొమ్మలన్నీ చూసి, "ఇన్నాళ్ళూ నేను వేసింది ఇదా" అని ఒక పూటంతా దిగులుగా కూర్చున్నాడట.

నెలాఖరు దగ్గర పడింది. డాబా బాగుచేయించాక పడగ్గది గోడ కూడా ఆరింది. అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఎవరూ అడక్కుండానే నాన్న పాత సూట్‌కేసు దించి, దుమ్ము దులిపి, సోఫా పక్కన పెట్టుకున్నాడు. అమ్మడు దాన్ని తప్పించుకుని నడిచేది.

బొమ్మ పూర్తయిందని కబురొచ్చిన రోజు ఆమె షాపుకి వెళ్ళేసరికి ఇంకా ఫ్రేము కట్టలేదు. చంటి గుడ్డ తీశాడు. ఈసారి అమ్మడు వెనక్కి అడుగు వెయ్యలేదు. అదే నీలం. సాయంత్రం పూట దిళ్ళ మీదనుంచి చూస్తే కనిపించే నీలం. చూస్తూ దగ్గరికి వెళ్ళి, ఆగిపోయింది. నాలుగు అంచుల వెంబడీ గోరు వెడల్పున ఎర్రటి గీత. పూలు ఆ గీతలోకి వెళ్ళిన చోటల్లా ఎర్రగా మండుతున్నాయి.

"ఇదెందుకు వేశారు? ఫ్రేము కిందికి పోతుంది కదా."

"పోతుంది."

"ఎవరికీ కనపడదు."

"కనపడదు."

"మరి?"

"అచ్చం వెయ్యమన్నారు కదండీ," అన్నాడు చంటి. "మీ బొమ్మలో అది ఉంది."

ఫ్రేము కడుతున్నంత సేపూ అమ్మడు ఆయన చేతులనే చూస్తూ నిలబడింది. ఎరుపు నెమ్మదిగా చెక్క కిందికి వెళ్ళిపోయింది.

నాన్న పడగ్గది గుమ్మంలోనే నిలబడి చంటి మేకు కొట్టడం చూశాడు. బొమ్మ వేలాడదీశాక లోపలికి వచ్చి, మంచం మీద తను ఎప్పుడూ కూర్చునే పక్కనే కూర్చున్నాడు. చేతిలో ఆనాటి పేపరు ఉంది. తెరిచి, అలవాటుగా ఒక వార్త పైకి చదివాడు. సగంలో ఆగాడు. తర్వాత మిగతా సగం కూడా చదివాడు.

సూట్‌కేసు అమ్మడు ఎక్కడ దాచాలా అని వెతుకుతుంటే, ఆయనే వచ్చి అటక మీద పెట్టేశాడు. "అక్కకి నేను చెప్తాలే," అన్నాడు. ఫోన్‌లో అక్క అటునుంచి ఏదో చెప్తుంటే, ఆయన మధ్యలో పొడుగ్గా ఒక "ఊఁ" అన్నాడు. మూడో రకం. అమ్మడు వంటింట్లో కుళాయి కట్టేసి మరీ విన్నది.

తర్వాతి ఆదివారం ఆమె మళ్ళీ బొమ్మల షాపుకి వెళ్ళింది. ఎర్ర బొమ్మ ఇంకా గోడకి ఆనించే ఉంది.

"ఎవరికీ నప్పట్లేదమ్మా," అని పిన్ని నిట్టూర్చింది. "ఎన్ని సోఫాల పక్కన పెట్టినా సోఫానే వెలవెలబోతోంది."

"నేను తీసుకుంటాను."

"నీకా? నాన్నగారు నీలం చాలన్నారుగా. ఎక్కడ పెడతావు? సోఫా ఏ రంగు?"

"సోఫా ఇంకా కొనలేదు."

"ఏ గదిలోకి?"

"ఇల్లే ఇంకా చూడలేదు. మా వీధిలోనే చూడాలి, నాన్నకి దగ్గరగా." అమ్మడు వెనక గది గుమ్మంకేసి చూసింది. అక్కడ చంటి చేతిలో కుంచెతో కదలకుండా నిలబడి ఉన్నాడు. "ఎప్పుడు చూద్దామో ఆయన్నే అడగండి, చిన్నత్తయ్యా."

ఇన్నాళ్ళూ ఆంటీ అన్న పిల్ల చిన్నత్తయ్యా అనేసరికి పిన్ని మెడలోని టేపు రెండు చేతులా పట్టుకుని కుర్చీలో కూలబడింది. ఆవిడ దగ్గర మాటలు అయిపోవడం ఆ షాపు తెరిచాక అదే మొదటిసారి.

చంటి కళ్ళద్దాలు తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. అద్దాలకి ఎర్ర రంగు అంటింది.

"సరిగ్గా కనబడుతోందా?" అంది అమ్మడు.

"ఊఁ," అన్నాడు, పొడుగ్గా. బొమ్మకేసి చూసి, "ఎండ తగలని గోడ చూడాలి. లేకపోతే ఇదీ వెలుస్తుంది," అన్నాడు.

అమ్మడు బొమ్మని ఒక పక్క పట్టుకుని ఎత్తింది. రెండో పక్క పట్టుకోమని ఆయనకి కళ్ళతోనే చెప్పింది.

"పడమటి కిటికీకి ఎదురు గోడే చూద్దాం," అంది. "వెలిస్తే వెలవనీ. ఇద్దరం రోజూ చూస్తూనే ఉంటాం కదా."